మాట ముందు వస్తోంది, బొమ్మ ఎనిమిది నిమిషాలకి వస్తోంది: పాత 21 అంగుళాల టీవీ

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. అవనిగడ్డలో మా ఇంట్లో 2004లో కొన్న 21 అంగుళాల కలర్ టీవీ ఉంది. డబ్బా టీవీయే, ఫ్లాట్ ట్యూబ్. స్విచ్ వేసిన ఐదారు సెకన్లకి మాట వస్తుంది. వార్తలు చదివే అమ్మాయి గొంతు శుభ్రంగా వినిపిస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అర నిమిషం ఆలస్యం. తర్వాత రెండు నిమిషాలు, మూడు. మొన్న శనివారం గడియారం పెట్టుకుని చూస్తే ఎనిమిది.

బొమ్మ వచ్చేటప్పుడు మెల్లగా తేలదు, ఒక్కసారిగా పడుతుంది. మొదట్లో మొహాలన్నీ నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉంటాయి, ఇంకో రెండు నిమిషాలకి సర్దుకుంటాయి. ఆపి వెంటనే మళ్ళీ వేస్తే పది సెకన్లలో బొమ్మ వచ్చేస్తుంది.

మా ఊరి మెకానిక్ వెనక మూత కూడా తీయకుండా "ట్యూబ్ వీక్ సార్, బూస్టర్ పెడదాం, లేదా పాత సామాన్లకి వేసేయండి" అన్నాడు. నాన్నకి 79. ఏడు గంటల వార్తలకి ఆరూ యాభైకే స్విచ్ వేసి కూర్చుంటున్నారు. కొత్తది కొంటానంటే ఒప్పుకోవడం లేదు. నా దగ్గర సోల్డరింగ్ ఐరన్, 400 రూపాయల మల్టీమీటర్ ఉన్నాయి. ఎప్పుడో చదివిన బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ కూడా ఉంది, గుర్తున్నంత వరకు. విజయవాడలో ఉద్యోగం కాబట్టి శని, ఆదివారాలే చేయి పెట్టగలను.

హాయ్ రాజు:
32 అంగుళాల ఎల్‌ఈడీ కొనేయండి బ్రో. ఈ టెన్షన్ ఎందుకు?

కృష్ణాతీరం:
కొనడం నా చేతిలో ఉంది, చూడటం నాన్న చేతిలో ఉంది.

వరంగల్ వాసు:
అన్నా, ముందు సెట్‌టాప్ బాక్స్ సంగతి చూడు. మా ఇంట్ల గిట్లనే టీవీ ఖరాబైందనుకుని నెల రోజులు తిట్టుకున్నం. చూస్తే బాక్స్ నుంచి వచ్చే పసుపు వైరు లూజు. తెల్ల వైరు మంచిగుంది కాబట్టి మాట వస్తుండె. స్టెబిలైజర్ ఉంటే దాన్ని కూడా తీసి చూడు.

డల్లాస్ అల్లుడు:
మాటకి, పెదవులకి పొంతన కుదరడం లేదా? అయితే ఆడియో డిలే సెట్ చేసుకోవాలి. అయినా డబ్బా టీవీలో అలా జరగదే! మేమిక్కడ పాత వీడియో గేములకి ఏరికోరి ఇవే కొంటున్నాం, వీటిలో డిలే ఉండదనే.

కృష్ణాతీరం:
పొంతన సమస్య కాదండీ, అసలు బొమ్మే రావడం లేదు. వాసు గారూ, పసుపు వైరు మార్చాను, తేడా లేదు. స్టెబిలైజర్ మా ఇంట్లో లేదు.

నంద్యాల అమ్మాయి:
కృష్ణాతీరం గారూ, మూత తీయకముందే ఒక పని చేయండి. తెర నల్లగా ఉన్న ఆ ఎనిమిది నిమిషాల్లో రిమోట్‌లో వాల్యూమ్ నొక్కండి. తెర మీద ఆ ఆకుపచ్చ గీత కనిపిస్తోందా? మెనూ వస్తోందా?

కనిపిస్తే ట్యూబ్ బాగున్నట్టే. అప్పుడు తప్పు ట్యూనర్‌లోనో, ఏవీ సాకెట్‌లోనో, బాక్స్‌లోనో ఉంటుంది. కనిపించకపోతే తప్పు వెనక వైపు, ట్యూబ్ మెడ (వెనక సన్నగా ఉండే గాజు భాగం) దగ్గర. మా నాన్న షాపులో కస్టమర్ సెట్ దింపగానే ముందు నాతో ఈ పనే చేయించేవారు. మూత తీస్తే దుమ్ము, నొక్కితే సమాధానం.

ఇంకొకటి. స్విచ్ వేయగానే తెర ముందు చెయ్యి పెట్టండి. చర్రుమని వెంట్రుకలు లేస్తున్నాయా?

కృష్ణాతీరం:
అమ్మకి ఫోన్ చేసి చూడమన్నాను. వాల్యూమ్ గీత లేదు, మెనూ లేదు. చేతికి మాత్రం వెంటనే "చిటచిట" అంటోందట. మెడ దగ్గర తప్పు అన్నారు, అంటే ట్యూబ్ పోయినట్టేనా?

లెడ్డు మాస్టారు:
తొందరపడకు నాయనా. నలభై ఏళ్ళు ఈ డబ్బాల మధ్య బతికాను. "ట్యూబ్ వీక్" అనేది ఈ వృత్తిలో అన్నిటికంటే సులువైన మాట. ఎవరూ కాదనలేరు, చెప్పినవాడు ఏమీ విప్పక్కర్లేదు.

చెయ్యి చిటచిటలాడిందంటే ఎల్‌ఓటీ (పెద్ద వోల్టేజ్ పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్) పని చేస్తోంది, ఈహెచ్‌టీ (ట్యూబ్‌కి కావాల్సిన వేల వోల్టులు) లేచింది. మాట వస్తోందంటే సప్లై ఉంది. ఇక చూడాల్సింది ఫిలమెంట్ (ట్యూబ్ లోపల వేడెక్కే తీగ), స్క్రీన్ వోల్టేజ్ (ఎలక్ట్రాన్లని తెర వైపు లాగేది), ట్యూబ్ మెడకి తగిలించిన నెక్ బోర్డు మీద రంగుల ట్రాన్సిస్టర్లకి వెళ్ళే 180 వోల్టుల లైను. శనివారం రాత్రి మూత తీసి, గదిలో దీపాలన్నీ ఆర్పి, ట్యూబ్ మెడ లోపల చూడు. ఎర్రటి నిప్పుకణం కనిపించాలి. ఎంత సేపటికి వెలిగింది, నారింజ రంగులో ఉందా, మాడిన ఎరుపులో ఉందా చెప్పు. మూత తీశాక సెట్ ఆన్‌లో ఉన్నంతసేపూ చేతులు కట్టుకుని కూర్చో. కళ్ళతో మాత్రమే చూడు.

ఏ పని చేసినా ముందు ప్లగ్ పీకాలి, స్విచ్ కట్టేస్తే సరిపోదు. సప్లైలో ఉన్న పెద్ద కండెన్సర్ దగ్గర 300 వోల్టుల పైన నిలిచి ఉంటుంది. బల్బు పెట్టిన హోల్డర్‌కి రెండు వైర్లు కట్టి దాని కాళ్ళకి తాకించి దించు. స్క్రూడ్రైవర్‌తో కొడితే నిప్పు లేస్తుంది, ట్రాక్ ఊడుతుంది. ట్యూబ్ పక్కన ఎర్ర రబ్బరు టోపీ ఉంటుంది చూశావా, దాని కింద 24 వేల వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్ పీకినా ట్యూబే కండెన్సర్‌లా దాచుకుంటుంది. దాని జోలికి నువ్వు వెళ్ళక్కర్లేదు.

పాత డబ్బా:
మాస్టారు చెప్పినదానికి నాదొక మాట. నెక్ బోర్డు పీకాల్సి వస్తే నిటారుగా వెనక్కి లాగండి, అటూ ఇటూ ఊపకండి. మెడ గాజు పలచన. లోపలికి గాలి "సుయ్" మని వెళ్ళిందంటే ఇక టీవీ లేనట్టే. నా దగ్గర ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీ ఒకటి, ఇంకో పాత షట్టర్ టీవీ ఒకటి ఉన్నాయి. ఆ షట్టర్ దాని తలుపులు బాగా కుదిరాయని మురిసిపోతూ మెడ విరిచింది నేనే.

వాల్వుల కాలంలో బొమ్మ ఆలస్యంగా రావడం జబ్బే కాదు. వాల్వులు వేడెక్కాలి, ట్యూబ్ వేడెక్కాలి, అప్పుడు మనిషి కనిపించేవాడు. ఈ కలర్ సెట్లలో వేడెక్కేది ట్యూబ్ ఒక్కటే. మంచి ట్యూబ్ పది, పదిహేను సెకన్లలో బొమ్మ ఇవ్వాలి.

హాయ్ రాజు:
యూట్యూబ్‌లో చూశాను. ఎల్‌ఓటీ మీద ఫోకస్, స్క్రీన్ అని తిప్పే నాబ్‌లు రెండు ఉంటాయి. స్క్రీన్ కొంచెం తిప్పితే బొమ్మ వెంటనే వచ్చేస్తుంది. ఒక్క నిమిషం పని.

కృష్ణాతీరం:
ఆదివారం రాత్రి రాస్తున్నాను. రాజు గారి మాట విని స్క్రీన్ తిప్పాను, మాస్టారు తిట్టినా పడతాను. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని తిప్పాను. బొమ్మ నిమిషంన్నరకే వచ్చింది. కానీ వెలిసిపోయినట్టుంది. నల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు, తెర మీద ఏటవాలుగా సన్నటి తెల్ల గీతలు. మా అమ్మ "వాన పడుతున్నట్టుంది" అంది. మళ్ళీ పాత చోటికే తిప్పేశాను. ముందే మార్కర్‌తో గుర్తు పెట్టుకున్నాను లెండి.

ఇక మెడ సంగతి. దీపాలు ఆర్పి చూశాం. మాట వచ్చిన కాసేపటికే లోపల వెలిగింది. వెలుగు మాత్రం ఆరిపోతున్న అగరువత్తి కొనలా ఉంది. ఎనిమిది నిమిషాలూ అలాగే ఉంది, పెరగలేదు. బొమ్మ పడ్డాక కూడా అంతే. లోపల చచ్చిన బల్లి ఒకటి, రెండు దశాబ్దాల దుమ్ము దొరికాయి.

మల్టీమీటర్‌తో ఫిలమెంట్ కాళ్ళ దగ్గర కొలిచాను, ఏసీలో 3.1 వోల్టులు చూపించింది. 6.3 ఉండాలి కదా? దొరికింది దొంగ!

నంద్యాల అమ్మాయి:
మాస్టారు చేతులు కట్టుకోమన్నారు, మీరు స్క్రూడ్రైవరూ మీటర్ కాళ్ళూ పెట్టేశారు! ఆ 3.1ని నమ్మకండి. ఫిలమెంట్‌కి వెళ్ళేది ఇంటి కరెంట్ లాంటి 50 హెర్ట్జ్ కాదు. ఎల్‌ఓటీలో రెండు మూడు చుట్ల వైండింగ్ నుంచి సెకనుకి 15,625 సార్లు వచ్చే పల్సులు. మన 400 రూపాయల మీటరు వాటిని సరిగా కొలవలేదు. మంచి సెట్‌లో కొలిచినా ఏదో ఒక తప్పు అంకె చూపిస్తుంది.

మీ కళ్ళు చెప్పినది మాత్రం నిజం. అగరువత్తి కొన అన్నారే, ఆ మాట పనికొస్తుంది.

స్క్రీన్ తిప్పితే బొమ్మ ముందుగా ఎందుకు వచ్చిందో చెప్తాను. ఆ కాలం సెట్లలో చాలావాటికి టీడీఏ9351 లాంటి ఒక్క ఐసీయే అన్ని పనులూ చూస్తుంది. మీ దాంట్లో ఉన్నదీ ఆ జాతిదే అయి ఉంటుంది, నంబర్ చూసి చెప్పండి. అది ప్రతి ఫీల్డ్ (తెరని ఒకసారి పైనుంచి కిందికి గీయడం) మొదట్లో, తెర పై అంచుకి అవతల మనకి కనపడని గీతల్లో, ట్యూబ్ మెడలో ఎలక్ట్రాన్లు విసిరే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గన్‌లకి హాజరు వేస్తుంది. ఒక్కో గన్ కొన్ని మైక్రో ఆంపియర్ల కరెంట్ ఇచ్చి "ఉన్నాను సార్" అనాలి. ముగ్గురూ పలికేదాకా ఐసీ తెర తీయదు. బొమ్మతో పాటు వాల్యూమ్ గీతనీ, మెనూనీ కూడా ఆపేస్తుంది. మీకు బొమ్మ మెల్లగా తేలకుండా ఒక్కసారిగా పడటానికి కారణం ఇదే. స్క్రీన్ వోల్టేజ్ పెంచితే నీరసంగా ఉన్న గన్ కూడా పలుకుతుంది, తెర తొందరగా లేస్తుంది. దానికి మూల్యం మీరు చూసిన వాన.

మీ ఇంట్లో ఆలస్యంగా పలుకుతున్నది ఎరుపు గన్. ఎరుపు తగ్గితే మిగిలేది నీలం, ఆకుపచ్చ. మొహాల రంగు అందుకే అలా ఉంది.

లెడ్డు మాస్టారు:
అమ్మాయి బాగా చెప్పింది. నాకింత వివరంగా చెప్పడం రాదు, చేతులకి తెలుసంతే.

ఇప్పుడు ప్రశ్న ఒక్కటే. గన్ ముసలిదై పలకడం లేదా, తిండి అందక పలకడం లేదా? ఫిలమెంట్ కాళ్ళకి లెడ్ (సోల్డర్) మళ్ళీ పెట్టు. నెక్ బోర్డు మీద హెచ్, హెచ్ అని రాసి ఉంటుంది. ఎల్‌ఓటీ కాళ్ళన్నిటికీ కూడా పెట్టు, వాటి చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు ఉంటుంది, భూతద్దంతో చూస్తేగానీ కనపడదు. పాత లెడ్ పీల్చేసి కొత్తది పెట్టు. పాతదాని మీదే కొత్తది పూయకు.

కృష్ణాతీరం:
ఈ వారం పని: ఎల్‌ఓటీ కాళ్ళు పదీ, నెక్ సాకెట్ కాళ్ళన్నీ పీల్చి మళ్ళీ పెట్టాను. రెండు చోట్ల మాస్టారు చెప్పిన ఉంగరం కనిపించింది. చాలా ఆశపడ్డాను. ఎనిమిది నిమిషాలు ఏడున్నర అయింది. ఐసీ నంబర్ టీడీఏ9351. మాస్టారూ, ఇక బూస్టర్ పెట్టించేయనా?

వరంగల్ వాసు:
అన్నా, బూస్టర్ అంటే ఏంది అసలు?

పాత డబ్బా:
చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఫిలమెంట్‌కి 6.3 బదులు ఏడు, ఎనిమిది వోల్టులు ఇస్తుంది. ముసలి గన్ ఎక్కువ వేడెక్కి కొన్నాళ్ళు గట్టిగా పలుకుతుంది, తర్వాత అదీ ఉండదు. ఇంకో పద్ధతి "ఛార్జింగ్". ఫిలమెంట్‌ని అదనంగా వేడిచేసి, ఆ వేడికి ఎలక్ట్రాన్లు ఇచ్చే కేథోడ్‌కీ, దాని ముందుండే గ్రిడ్‌కీ మధ్య వోల్టేజ్ కొట్టి కేథోడ్ పై పొరని రేపుతారు. కుదిరితే ఆరు నెలలో ఏడాదో నడుస్తుంది. ఒక్కోసారి ఆ దెబ్బకే గన్ పోతుంది. నేను రెండూ చూశాను.

లెడ్డు మాస్టారు:
బూస్టర్ ఇప్పుడే వద్దు. నాలుగు పెన్ సెల్స్ కొను, రిమోట్‌లో వేసేవి, కొత్తవి. నాలుగూ వరసగా కడితే ఆరు వోల్టులు. ప్లగ్ పీకి, కండెన్సర్ దించి, నెక్ బోర్డు మెల్లగా తీసేయ్. ట్యూబ్ వెనక సూదుల్లో ఫిలమెంట్ రెండూ ఏవో బోర్డు మీద చూసి గుర్తుపెట్టుకో. వాటికి సెల్స్ వైర్లు తాకించి పట్టుకో. గది చీకటిగా ఉండాలి. ఆ వెలుగుని నువ్వు చూసిన అగరువత్తితో పోల్చు.

సెల్స్‌తో కూడా అంతే మందంగా ఉంటే తప్పు ట్యూబ్‌దే, మీ మెకానిక్‌కి క్షమాపణ చెబుదాం. సెల్స్‌తో బాగా వెలిగితే సెట్ లోపల ఎవరో దాని తిండి తినేస్తున్నారన్నమాట.

డల్లాస్ అల్లుడు:
మాస్టారూ, ఇది అద్భుతం. ఇక్కడ మేము ఆసిల్లోస్కోప్ కోసం వెతుకుతున్నాం, మీరు నాలుగు సెల్స్‌తో తేల్చేస్తున్నారు.

లెడ్డు మాస్టారు:
మా కాలంలో స్కోప్ పెద్ద సర్వీస్ సెంటర్లలోనే ఉండేది బాబూ. మాకు సెల్సే గతి.

కృష్ణాతీరం:
శనివారం రాత్రి 9.40. సెల్స్ నేను పట్టుకున్నాను, నాన్న కుర్చీ వెనక్కి జరుపుకుని మెడ వైపు చూస్తున్నారు. తాకించిన రెండు మూడు సెకన్లకి ఎర్రగా మొదలై, పది లెక్కపెట్టేసరికి నారింజ రంగు నిప్పు. మూడు చుక్కలు విడివిడిగా కనిపించాయి. "ఇది బతికే ఉందిరా" అన్నారు నాన్న. సెట్‌లో ఉన్నప్పుడు ఇందులో సగం వెలుగు కూడా లేదు.

ఇప్పుడు ఎక్కడ వెతకాలి?

నంద్యాల అమ్మాయి:
ఎల్‌ఓటీ ఫిలమెంట్ కాలు నుంచి నెక్ బోర్డుకి వెళ్ళే దారిలో ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది, ఒకటి రెండు ఓంలది. సాధారణంగా ఎల్‌ఓటీ పక్కనే పెడతారు, అంటే ఏళ్ళ తరబడి ఆ వేడిలో ఉడుకుతుంది. ఇలాంటివి తెగిపోతే సులువుగా దొరుకుతాయి, తెగకుండా విలువ పెరిగితేనే తిప్పలు పెడతాయి.

లెక్క చూడండి. చాలా ట్యూబ్‌ల ఫిలమెంట్ 0.3 ఆంపియర్ల దగ్గర తీసుకుంటుంది. 6.3ని 0.3తో భాగిస్తే 21 ఓంలు. దానికి వరసలో ఒకటిన్నర ఓం ఉంటే అర వోల్టు లోపే పోతుంది, డిజైన్‌లో ఆ లెక్క ముందే వేసుకుంటారు. అదే ఆరు ఓంలైతే ఫిలమెంట్‌కి ఐదు వోల్టుల చిల్లర మిగులుతుంది. వినడానికి చిన్న తేడా. కేథోడ్‌కి మాత్రం చాలా పెద్ద తేడా, వేడి కాస్త తగ్గితే ఎలక్ట్రాన్లు ఇవ్వడం బాగా తగ్గిపోతుంది.

కృష్ణాతీరం:
దొరికింది. ఎల్‌ఓటీ పక్కనే ఉంది, కింద బోర్డు కాఫీ డికాషన్ రంగుకి తిరిగింది. చారలు గోధుమ, ఆకుపచ్చ, బంగారు, బంగారు. అంటే 1.5 ఓంలే కదా? కొలిస్తే మీటర్ 2.2 చూపించింది. మీటర్ వైర్లు ఒకదానికొకటి తాకిస్తేనే 0.3 చూపిస్తోంది, అది తీసేస్తే 1.9. ఇంత చిన్న తేడాకి ఎనిమిది నిమిషాలా?

నంద్యాల అమ్మాయి:
కొలిచినప్పుడు నెక్ బోర్డు ట్యూబ్‌కి తగిలించే ఉందా?

కృష్ణాతీరం:
ఉంది.

నంద్యాల అమ్మాయి:
అయితే మీరు కొలిచింది రెసిస్టర్ ఒక్కదాన్నే కాదు. ఎల్‌ఓటీ వైండింగ్ మీదుగా చల్లటి ఫిలమెంట్ కూడా దానికి సమాంతరంగా ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఫిలమెంట్ రెండు మూడు ఓంలే ఉంటుంది. ప్లగ్ పీకి, నెక్ బోర్డు తీసి మళ్ళీ కొలవండి. లేదా రెసిస్టర్ ఒక కాలు పైకి లేపండి.

కృష్ణాతీరం:
ఒక కాలు లేపి కొలిచాను. 6.1. మీటర్ వైర్లది తీసేస్తే 5.8.

ఒకటిన్నర ఉండాల్సింది ఐదు పాయింట్ ఎనిమిది!

పాత డబ్బా:
వెళ్ళండి, కొనండి. మా హైదరాబాద్ వాళ్ళకైతే కోఠి గుజరాతీ గల్లీ ఉంది. విజయవాడలోనూ ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపుల్లో దొరుకుతుంది. 1.5 ఓంలు, 1 వాట్, ఫ్యూజిబుల్ (కరెంట్ ఎక్కువైతే ఫ్యూజులా తెగేది) అని అడగండి. ఒక్కటే ఇవ్వరు, పది తీసుకోమంటారు.

హాయ్ రాజు:
రెసిస్టర్ తీసేసి డైరెక్ట్ వైరు పెడితే ఇంకా తొందరగా వస్తుంది కదా?

లెడ్డు మాస్టారు:
వస్తుంది, తొందరగా పోతుంది కూడా. ఆ రెసిస్టర్ విలువ కంపెనీ వాడు ఊరికే పెట్టలేదు. ఉన్న విలువే పెట్టు. బోర్డుకి అంటించకుండా ఐదారు మిల్లీమీటర్లు పైకి లేపి పెట్టు, గాలి ఆడుతుంది.

కృష్ణాతీరం:
పెట్టాను. పది కలిపి ఇరవై రూపాయలు.

మొదటిసారి స్విచ్ వేసి నేను మెడ వైపు, నాన్న తెర వైపు చూస్తున్నాం. మెడలో నారింజ రంగు. నాన్న "వచ్చింది" అన్నారు. ఫోన్‌లో టైమర్ చూస్తే 24 సెకన్లు. మర్నాడు ఉదయం చల్లటి సెట్‌తో మళ్ళీ చూశాను, 26. మొహాలు ఇంకా మొదటి అర నిమిషం కొంచెం పాలిపోయే ఉంటున్నాయి. పదిహేను సెకన్లు అన్నారు కదా, మిగిలిన పది ఎక్కడున్నాయి?

లెడ్డు మాస్టారు:
ఆ పది సెకన్లు ట్యూబ్ వయసు. మీ మెకానిక్ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, ఎరుపు గన్ కొంత అరిగింది. ఇక్కడితో ఆపు. స్క్రీన్ ముట్టుకోకు, బూస్టర్ పెట్టకు. బొమ్మ రెండు నిమిషాలకి జారినప్పుడు మళ్ళీ రా, అప్పుడు చూద్దాం. నువ్వు మూత బిగించే ముందు 180 వోల్టుల లైను కండెన్సర్ కూడా మార్చు. సాధారణంగా 10 మైక్రోఫారడ్, 250 వోల్టులది ఉంటుంది. ఆ వేడిలో అదీ ఎండిపోయే ఉంటుంది. ప్లస్, మైనస్ చూసి పెట్టు.

కృష్ణాతీరం:
మార్చాను మాస్టారూ. పాతదాని పైభాగం కొంచెం ఉబ్బి ఉంది. తెల్ల అక్షరాల పక్కన కుడి వైపుకి సాగే మసక కూడా పోయింది. అది కూడా జబ్బేనని మాకు తెలియనే లేదు, ఎప్పటి నుంచి ఉందో!

చీరాల చిన్నోడు:
ఇప్పుడే అంతా చదివాను. మా తాతయ్య దగ్గర 14 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ ఉంది, దానికీ బొమ్మ ఐదు నిమిషాలకి వస్తోంది. దాంట్లో కూడా ఈ రెసిస్టరేనా?

లెడ్డు మాస్టారు:
దాని దారి వేరు బాబూ. ఆ చిన్న సెట్లలో చాలావాటికి ఫిలమెంట్ 12 వోల్టుల రకం, ఎల్‌ఓటీ నుంచి కాకుండా నేరుగా సప్లై నుంచి వెళ్తుంది. అది డీసీ కాబట్టి నీ మామూలు మీటర్ సరిగానే చూపిస్తుంది. ముందు సప్లై సరిగా 11, 12 మధ్య ఉందా చూడు. తక్కువుంటే రెగ్యులేటర్ ట్రాన్సిస్టర్, దాని పక్కన పెద్ద కండెన్సర్ చూడాలి. సప్లై బాగుంటే సాకెట్ కాళ్ళ లెడ్. చీరాల అంటున్నావు, సముద్రపు గాలి, కాళ్ళు పచ్చగా చిలుం పట్టి ఉంటాయి. పగలు మూత తీసి ఫొటో పెట్టు.